కుంగుబాటు గుర్తులు: చూపు నుంచి ప్రశ్నకు

బంగాళాఖాతంలో ఏర్పడే వాయుగుండానికీ, 1930ల నాటి ఆర్థిక మాంద్యానికీ, మనిషి మనసును పట్టి పీడించే కుంగుబాటుకూ ఇంగ్లీషులో ఉన్నది డిప్రెషన్ అనే ఒక్క మాటే. కిందికి నొక్కడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి వచ్చిన ఆ మాటను తెలుగు మూడు చోట్ల మూడు పేర్లతో పంచుకుంది. జబ్బుకు ఆ పేరు స్థిరపడి నూరేళ్లు దాటింది గానీ, జబ్బును పోల్చుకునే గుర్తులను రాసిపెట్టడం రెండు వేల ఏళ్లకు పైబడిన పని. వైద్యులు ఆ గుర్తులను రెండు తెగలుగా చూస్తారు: పరీక్షించేవారి కంటికో చేతికో అందేది చిహ్నం, రోగి నోరు విప్పి చెబితే తప్ప తెలియనిది లక్షణం. ఒళ్లు కాలడం చిహ్నం, తలనొప్పి లక్షణం. కుంగుబాటును గుర్తించిన చరిత్ర చాలా మేరకు చిహ్నం నుంచి లక్షణానికి, అంటే చూడడం నుంచి అడగడానికి జరిగిన చరిత్ర. ఆ మార్పులో భారతీయ రోగి మాటకు దక్కిన చోటు మాత్రం మొదటినుంచీ ఇరుకే.

గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పేరిట నిలిచిన సూత్రాల్లో, భయమూ దిగులూ చాలాకాలం వదలకుండా ఉంటే అది మెలంకోలియా అన్న నిర్వచనం ఉంది. మెలంకోలియా అంటే నల్లపిత్తం. శరీరంలోని నాలుగు ద్రవాల్లో అది మితిమీరడమే జబ్బుకు మూలమని ఆనాటి నమ్మకం. నల్లపిత్తం అనేదే లేదని తరవాతి కాలం తేల్చింది గానీ, దిగులు ఉందా అని కాక ఎన్నాళ్లుగా ఉంది అని చూడాలన్న ఆ సూత్రంలోని తెలివి ఇప్పటికీ చెల్లుబాటులో ఉంది. చరకసంహిత ఈ సంగతిని ఒకచోట పోగేయలేదు. రోగాన్ని పెంచేవాటిలో విషాదాన్ని మించింది లేదని సూత్రస్థానంలో ఒకచోట అంటుంది, అదే స్థానంలో ఇంకోచోట 80 వాతవికారాల జాబితాలో విషాదాన్ని చేరుస్తుంది, నిదానస్థానంలో కఫం వల్ల కలిగే ఉన్మాదాన్ని వర్ణిస్తూ ఒకేచోట కూర్చుండిపోవడం, మాటాపలుకూ లేకపోవడం, అన్నం మీద ఇచ్ఛ పోవడం, ఏకాంతాన్ని కోరడం, శుచిగా ఉండడమంటే గిట్టకపోవడం, ఎప్పుడూ నిద్రలో ఉండడం అని వరస పెడుతుంది. నేటి మనోవైద్యుడు ఈ వరసను గుర్తుపట్టకుండా ఉండలేడు. అయితే చరకుడు చెప్పిన కఫోన్మాదమే నేటి కుంగుబాటు అని సమీకరణం కట్టడం తొందరపాటు, ఎందుకంటే ఆ వరసలోనే చొల్లు కారడం, ముఖం వాయడం కూడా ఉన్నాయి. గమనించవలసింది ఇంకొకటి ఉంది: ఇవన్నీ పక్కనున్నవారు చూసి చెప్పగలిగినవే. రోగిని అడిగితే ఏమంటాడన్నది ఆ వరసలో లేదు.

చూపు మీద ఆధారపడిన ఈ పద్ధతి 19వ శతాబ్దపు ఐరోపాలో పతాకస్థాయికి చేరింది. భావాలు ముఖంలో ఎలా వ్యక్తమవుతాయో వివరిస్తూ చార్లెస్ డార్విన్ 1872లో ప్రచురించిన గ్రంథంలో దుఃఖకండరాలకు ఒక అధ్యాయంలో పెద్దపీట వేశాడు. ఇంగ్లండులోని వేక్‌ఫీల్డ్ పిచ్చాసుపత్రిని నడిపిన జేమ్స్ క్రిక్టన్-బ్రౌన్ తన రోగుల గురించి రాసి పంపిన వివరాలు అందుకు అక్కరకొచ్చాయి. దీర్ఘకాలం దిగులులో ఉన్నవారి కనుబొమల లోపలి కొసలు పైకి లేస్తాయి, నుదుటి మధ్య ముడత గ్రీకు అక్షరం ఒమేగా ఆకారంలో బిగుసుకుంటుంది. జర్మన్ వైద్యుడు హైన్రిష్ షూలె 1878లో ఈ ముడతకు ఆ అక్షరం పేరే పెట్టాడు. ఆ తరవాత స్విట్జర్లాండ్ నాడీవైద్యుడు ఒట్టో వెరాగూత్ పైరెప్ప చర్మం ముక్కు వైపు కోణంగా మడతపడడాన్ని ఇంకో చిహ్నంగా నమోదు చేశాడు. ముఖం చూడగానే జబ్బు తెలిసిపోతుందన్న ఆశ వీటి వెనుక ఉంది. నవ్వుతూ నలుగురిలో తిరిగే రోగి ముందు ఈ చిహ్నాలు ఎందుకూ పనికిరావు.

చూపుకు అందనిది లెక్కకూ అందదన్న సంగతి వలసపాలనలో స్పష్టంగా బయటపడింది. తెలుగు జిల్లాలు కొన్ని అంతర్భాగంగా ఉన్న మద్రాసు రాజధానిలో కిల్పాక్ పిచ్చాసుపత్రి 1871లో తెరుచుకుంది. అప్పటికి అమల్లో ఉన్న 1858 నాటి చట్టం, మతిచలించి వీధుల్లో తిరిగేవారినీ ఇతరులకు ప్రమాదకరమని తోచినవారినీ పట్టి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టే అధికారాన్ని పోలీసులకు ఇచ్చింది. కేకలు వేసేవాడు పోలీసు కంటపడతాడు. వంటింటి మూల ముడుచుకుని కూర్చుని, పిలిస్తే పలకని ఇల్లాలు ఏ పోలీసు కంటా పడదు. పిచ్చాసుపత్రుల రికార్డుల్ని ముందు పెట్టుకుని ఆసియా, ఆఫ్రికా ప్రజల్లో కుంగుబాటు అరుదు అని తేల్చిన తెల్లదొరల వైద్యానికి ఈ మూల ఎన్నడూ కనిపించలేదు. జర్మన్ మనోవైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ జావాలో రోగులను చూసి వచ్చి, అక్కడ కుంగుబాటు తేలికగా ఉంటుందనీ, తప్పు చేశామన్న అపరాధభావం దాదాపు లేదనీ 1904లో రాశాడు. జె.సి. కారోథర్స్ 1953లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన గ్రంథంలో ఆఫ్రికన్ల గురించి ఇంచుమించు అదే ధోరణిలో మాట్లాడాడు. క్రేపెలిన్ పరిశీలనలో కొంత నిజం ఉందని తరవాత తేలింది. కారోథర్స్ చేసింది మాత్రం కంటికి కనబడనిదాన్ని లేనిదిగా లెక్కించడమే.

20వ శతాబ్దం మధ్యలో వైద్యుడి చేతిలోకి కాగితం వచ్చింది. బోస్టన్‌లో వాల్టర్ కాసిడీ, సహచరులు వంద మంది రోగులను పరిశీలించి 1957లో ప్రచురించిన వ్యాసంలో, దిగులుతో పాటు పది లక్షణాల్లో ఆరు ఉంటే జబ్బుగా ఎంచాలన్నారు. ఆరే ఎందుకని చాలా ఏళ్ల తరవాత అడిగితే, ఆ సంఖ్య సబబుగా తోచిందని కాసిడీ చెప్పాడట. ఆ సబబు సెయింట్ లూయిస్ వైద్యుల 1972 నాటి ప్రమాణాల మీదుగా, అమెరికా మనోవైద్య సంఘం 1980లో వెలువరించిన వర్గీకరణ గ్రంథం మూడో కూర్పు దాకా సాగింది. రెండు వారాలు అన్న గడువు అందులోనిదే. 1972లో అది నెల.

కొలత కోసం పుట్టిన కాగితాలు వేరు. లీడ్స్‌లో మాక్స్ హామిల్టన్ 1960లో ప్రచురించిన పట్టిక, కుంగుబాటు ఉందని ముందే తేలినవారిలో దాని తీవ్రతను వైద్యుడు అంచనా కట్టడానికి ఉద్దేశించినది. అందులో లెక్కకు వచ్చే 17 అంశాల్లో మూడు నిద్రవే: పడుకోగానే పట్టకపోవడం, మధ్యలో తెగిపోవడం, తెల్లవారుజామునే మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోవడం. కాళ్లూ చేతులూ వీపూ తలా బరువెక్కడం, నడుంనొప్పి, సత్తువ లేకపోవడం కలిపి ఇంకో అంశం. ఏరన్ బెక్ ఫిలడెల్ఫియాలో 1961లో ప్రచురించిన 21 అంశాల పట్టిక మాత్రం, ఆలోచనలకు పెద్దపీట వేస్తూ, రోగి తన గురించి తానే జవాబు ఎంచుకునేది. గుర్తించే పని వైద్యుడి కన్ను నుంచి రోగి వేలికి మారిన ఘట్టం ఇదే.

వేలు మారింది గానీ పట్టికలోని మాటలు పశ్చిమానివే. హామిల్టన్ పట్టికతో భారతీయ రోగులనూ బ్రిటిష్ రోగులనూ పోల్చిన తేజా బృందం 1971లో ప్రచురించిన వ్యాసంలో, ఇక్కడివారిలో శారీరక బాధలు, ఆందోళన ఎక్కువగానూ, అపరాధభావం తక్కువగానూ కనిపించాయి. ఏమైందని అడిగితే మనసు బాగోలేదని మొదలుపెట్టేవారు తెలుగునాట నేటికీ తక్కువే. ఒళ్లు నొప్పులు, తల బరువు, గుండెదడ, అరికాళ్ల మంటలు, నీరసం అని వరస సాగుతుంది, చివరికి ఆ వరస నరాల బలహీనత అన్న మాట దగ్గర ఆగుతుంది. ఈ మాట అచ్చంగా ఇక్కడ పుట్టింది కాదు: అమెరికా వైద్యుడు జార్జ్ బియర్డ్ 1869లో ప్రచారంలోకి తెచ్చిన న్యూరస్తీనియా, అంటే నాడుల శక్తి హరించుకుపోవడం అనే భావన, పుట్టినచోట మరుగునపడి ఆసియాలో వేళ్లూనుకుంది. చైనాలోని హునాన్‌లో ఆ జబ్బు పేరుతో వచ్చిన వంద మందిని పరీక్షించి, 87 మందిలో కుంగుబాటు ప్రమాణాలు సరిపోయాయని ఆర్థర్ క్లైన్‌మన్ 1982లో రాశాడు.

అంతమాత్రాన ఆసియావారికి మనసు భాష రాదని అనడం, జబ్బే లేదన్న పాత మాటకు కొత్త రూపం. బెంగ, దిగులు, చింత, గుబులు, మనోవ్యాధి అని ఇన్ని మాటలున్న భాషకు ఆ కొరత అంటగట్టలేం. 14 దేశాల్లోని 15 వైద్యకేంద్రాల్లో కుంగుబాటున్న 1,146 మందిని చూసి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, బెంగళూరు కూడా ఉన్న ఆ జాబితాలో 69 శాతం మంది కేవలం ఒంటి బాధలతోనే వైద్యుడి దగ్గరికి వచ్చారని తేలింది. సూటిగా అడిగినా మనసు బాధ లేదన్నవారు మాత్రం 11 శాతమే. వెళ్లిన ప్రతిసారీ అదే వైద్యుణ్ని కలిసే వీలు లేనిచోట ఒంటి బాధలు ముందుకు రావడం మరింత ఎక్కువ. ఓపీ చీటీ పట్టుకుని గంటసేపు వరసలో నిలబడి, ముఖపరిచయం లేని డాక్టరు ముందు రెండు నిమిషాలు కూర్చునే మనిషి, నడుంనొప్పి అనక మరేమంటాడు?

ఇప్పుడు మనసు గురించి సూటిగా అడిగే ప్రశ్న గడప దాకా వచ్చింది. 2001లో వెలువడిన పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం, గత రెండు వారాల్లో ఒక్కో బాధ ఎన్ని రోజులు ఉందో అడిగి సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేస్తుంది; మొత్తం 27లో పది గానీ అంతకు మించి గానీ వస్తే వైద్యుడు చూడవలసిన స్థితి అని సాధారణంగా పాటించే గీత. 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్ ముప్పు అంచనా వేయడానికి ఆశా కార్యకర్త నింపే పత్రంలో దాని మొదటి రెండు ప్రశ్నలనూ తరవాత చేర్చారు. పశ్చిమగోదావరి పల్లెల్లో జరిగిన స్మార్ట్ మెంటల్ హెల్త్ పరిశోధనలో ఆశాలు ట్యాబ్ పట్టుకుని ఇదే తొమ్మిది ప్రశ్నలు అడిగారు. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగి, పెద్దల్లో ఇరవై మందికి ఒకరు చొప్పున జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు లోనయ్యారని లెక్క తేల్చింది గానీ, ఆ 12లో రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు కాబట్టి ఇక్కడ ఇలాంటి పల్లె లెక్కలకు విలువ ఎక్కువ.

పత్రంలో మొదటి ప్రశ్న దిగులు గురించి కాదు, పనుల మీద ఆసక్తి గానీ వాటిలో ఆనందం గానీ తగ్గిందా అని. కూలికి పోకపోతే పూట గడవని మనిషికి పని మీద ఆసక్తి అన్న మాటే వింతగా తోచవచ్చు. ఆశా ఆ వాక్యాన్ని పక్కన పెట్టి, మునుపటిలా నలుగురితో కూర్చోబుద్ధి అవుతోందా, పండక్కి పిల్లలొస్తే సంబరంగా ఉంటోందా అని అడిగితేనే జవాబు వస్తుంది. నిద్ర, అలసట, ఆకలి ఆ తొమ్మిదిలో ఉన్నాయి. 1960లో హామిల్టన్ చోటిచ్చిన నడుంనొప్పి, తల బరువు లేవు.