క్షమ లేని పాపాన్ని వెతికిన శతాబ్దాలు

మార్కు సువార్త మూడో అధ్యాయంలో యెరూషలేము నుంచి వచ్చిన శాస్త్రులు కనిపిస్తారు. యేసు దయ్యాలను వెళ్లగొట్టడాన్ని వాళ్లు కాదనలేకపోయారు. అయితే అది బయెల్జెబూలు బలంతో జరిగిందని ముద్ర వేశారు. మనుషుల పాపాలన్నిటికీ క్షమాపణ ఉందనీ, పరిశుద్ధాత్మను దూషించినవాడికి మాత్రం ఎన్నటికీ లేదనీ యేసు చెప్పింది ఆ సందర్భంలోనే. మత్తయి, లూకా కూడా ఆ మాటను నమోదు చేశారు. ఒకసారి వెలుగు చూసి తప్పిపోయినవారిని మళ్లీ మారుమనస్సుకు తేవడం అసాధ్యమని హెబ్రీ పత్రిక అంటుంది. మరణకరమైన పాపం ఒకటుందని యోహాను మొదటి పత్రిక అంటుందే గాని, అదేమిటో చెప్పదు.

ఉన్నవి ఈ కొద్ది వచనాలే. వీటి అర్థం మాత్రం శతాబ్దానికొక తీరుగా మారుతూ వచ్చింది. దాన్ని మార్చింది పండితుల వాదాల కన్నా, తప్పు చేసి తిరిగొచ్చి సంఘం గుమ్మంలో నిలబడి ఏడ్చిన మనుషులేనని నేను నమ్ముతాను.

తొలి తరాలకు బాప్తిస్మమే పెద్ద క్షమాపణ. ఆ తర్వాత ఘోరంగా పడిపోతే ఏం చేయాలి? రెండో శతాబ్దంలో రోములో రాసిన ‘హెర్మాసు కాపరి’ గ్రంథం ఇంకొక్క అవకాశం ఉందంది, ఒక్కటే. కార్తేజ్‌కు చెందిన టెర్టూలియన్ కూడా మొదట్లో అలాగే రాశాడు. పడవ పగిలినవాడి చేతికి దొరికే చెక్కపలక లాంటిది పశ్చాత్తాపం అన్నది ఆయన పోలికే. తర్వాత మొంటానస్ అనుచరుల కఠిన మార్గానికి దగ్గరయ్యాక అదే టెర్టూలియన్ మాట మార్చాడు. విగ్రహారాధన, హత్య, వ్యభిచారం చేసినవారిని క్షమించే అధికారం సంఘానికి లేదన్నాడు. వ్యభిచారులకు క్షమాపణ ప్రకటించిన ఒక బిషప్పు మీద నిప్పులు చెరిగాడు. అప్పటికి క్షమ లేని పాపమంటే పేరు పెట్టి చూపించగల క్రియ.

249 చివర్లో రోమ్ చక్రవర్తి డేసియస్ జారీ చేసిన ఆజ్ఞ ఈ లెక్కలన్నీ తలకిందులు చేసింది. సామ్రాజ్యంలోని ప్రతివారూ దేవతలకు బలి అర్పించాలి, అర్పించినట్టు అధికారుల ముందు ధ్రువపత్రం తీసుకోవాలి. ఈజిప్టు ఇసుకలో అలాంటి పత్రాలు నలభైకి పైగా దొరికాయి. అన్నీ ఇంచుమించు ఒకే మూస: నేనెప్పుడూ దేవతలకు బలులిస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ ఎదుట ధారపోశాను, బలిమాంసం రుచి చూశాను, ధ్రువీకరించండి. కొందరు క్రైస్తవులు చెరసాలకు వెళ్లారు, కొందరు చనిపోయారు. చాలామంది మాత్రం బలిపీఠం దగ్గరికి నడిచారు. మరికొందరు బలి ఇవ్వకుండానే లంచమిచ్చి పత్రం కొనుక్కున్నారు.

తుఫాను తగ్గగానే వీళ్లంతా తిరిగి వచ్చారు. ఒకరిద్దరైతే పాత నియమం సరిపోయేదేమో. కార్తేజ్‌లో సంఘంలో పెద్ద భాగమే పడిపోయింది. అక్కడి బిషప్పు సిప్రియన్ హింస సాగినంతకాలం రహస్యంగా దాక్కున్నవాడు, కాబట్టి తీర్పు చెప్పే నైతిక హక్కు ఆయనకుందా అని అడిగేవాళ్లున్నారు. మరోపక్క విశ్వాసం కోసం జైలుపాలైన సాక్షులు, పడిపోయినవారిని చేర్చుకోమంటూ సిఫారసు ఉత్తరాలు ఇస్తున్నారు. 251లో ఆఫ్రికా బిషప్పులు సభ చేసి నడిమి దారి పట్టారు. పత్రం కొన్నవారిని ఒక్కొక్కరి పరిస్థితి విచారించి చేర్చుకోవచ్చు. బలి ఇచ్చినవారు పశ్చాత్తాపంలో కొనసాగాలి, మరణశయ్య మీద మాత్రం సహవాసం ఇవ్వాలి. మరుసటి ఏడాదికే కొత్త హింస వస్తుందన్న భయం పుట్టింది. పశ్చాత్తాపంలో ఉన్నవారందరినీ వెంటనే చేర్చుకున్నారు. రాబోయే పోరాటానికి వాళ్లను నిరాయుధులుగా పంపలేమన్నది బిషప్పుల వాదన. ఈ మొత్తం చరిత్రలో నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైన నిర్ణయం ఇదే.

రోములో నొవేషియన్ అనే సంఘ పెద్ద దీనికి ఒప్పుకోలేదు. విశ్వాసాన్ని కాదన్నవారిని దేవుడు క్షమిస్తే క్షమించవచ్చు గాని సంఘం క్షమించకూడదని పట్టుబట్టి వేరే సంఘం కట్టాడు. ఆ సంఘం వాళ్లను కరుణ లేనివాళ్లని కొట్టిపారేయడం న్యాయం కాదు. హింసలో ఆత్మీయులను పోగొట్టుకున్న కుటుంబం, ప్రాణం దక్కించుకున్న పొరుగువాడి పక్కన నిలబడి రొట్టె అందుకోవడం తేలిక కాదు. ఆ సంఘం తర్వాత శతాబ్దాల పాటు నిలిచింది. 325లో నికయ సభకు వచ్చిన నొవేషియన్ బిషప్పు అసేసియస్‌తో, అయితే నిచ్చెన వేసుకుని నువ్వొక్కడివే పరలోకానికి ఎక్కు అని కాన్‌స్టంటైన్ చక్రవర్తి అన్నాడని సంఘ చరిత్రకారుడు సోక్రటీస్ రాశాడు. అదే సభ, బలవంతం లేకుండానే విశ్వాసం విడిచినవారికి పన్నెండేళ్ల క్రమశిక్షణ విధించింది: మూడేళ్లు వాక్యం వినేవారి మధ్య, ఏడేళ్లు సాష్టాంగపడేవారి మధ్య, రెండేళ్లు ప్రార్థనలో మాత్రమే పాల్గొంటూ. కఠినమే, కానీ చివర్లో తలుపు ఉంది.

క్రియలన్నిటికీ తలుపు తెరుచుకున్నాక, యేసు చెప్పిన ఆ ఒక్క పాపం ఏది? బైబిల్లో ఇంతకన్నా కష్టమైన ప్రశ్న బహుశా లేదని బిషప్పు అగస్టీన్ ప్రసంగంలోనే ఒప్పుకున్నాడు. ఆయన జవాబు: చనిపోయేదాకా పశ్చాత్తాపాన్ని నిరాకరించే హృదయమే ఆ దూషణ. కాబట్టి బతికి ఉన్న మనిషిని చూపించి ఇతడు దాన్ని చేశాడని ఎవరూ అనలేరు. పాపం చేతల్లోంచి మనసులోకి తరలింది.

ఆచరణలో మార్పు ఐర్లండ్ సన్యాసుల నుంచి వచ్చింది. బహిరంగ పశ్చాత్తాపం జీవితంలో ఒక్కసారే కావడంతో జనం దాన్ని మరణశయ్య దాకా వాయిదా వేసేవారు. సన్యాసులు రహస్యంగా, ఎన్నిసార్లైనా ఒప్పుకోలు వినేవారు. ఏ పాపానికి ఎన్నాళ్లు రొట్టె, నీళ్లతో గడపాలో పట్టికలు రాసుకున్నారు. 589లో స్పెయిన్‌లోని టొలేడో సభ మాటిమాటికీ క్షమాపణ అడిగే ఈ పద్ధతిని తప్పుపట్టింది. 1215 నాటి లాటరన్ సభ మాత్రం విశ్వాసులందరూ ఏడాదికొకసారైనా ఒప్పుకోలు చేయాలని నియమం పెట్టింది. తర్వాత వేదాంతి థామస్ అక్వినాస్, పరిశుద్ధాత్మకు విరోధమైన పాపం నయం కాని రోగం లాంటిదే అయినా, దేవుడు తలిస్తే దాన్నీ బాగుచేయగలడని రాశాడు. ఆయన చెప్పిన ఆరు రకాల్లో నిరాశ కూడా ఒకటి.

సంస్కరణోద్యమం తప్పనిసరి ఒప్పుకోలును పక్కనబెట్టింది. విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపమేనని 1517లో లూథర్ తన మొదటి సిద్ధాంత వాక్యంలోనే ప్రకటించాడు. అది విడుదల. కానీ మనసు భారం దించుకోవడానికి ఎదురుగా కూర్చునే గురువు లేకుండా పోయాడు, ప్రశ్న ఒంటరి మనిషి మీద పడింది. 1548లో పాదువా దగ్గరి చిత్తదెల్లా పట్టణపు న్యాయవాది ఫ్రాంచెస్కో స్పియెరా, మత విచారణకు భయపడి తన ప్రొటెస్టంట్ విశ్వాసాన్ని బహిరంగంగా వదులుకున్నాడు. పరిశుద్ధాత్మకు ద్రోహం చేశానని కుంగిపోయి, మంచం పట్టి, వచ్చిన ఓదార్పునంతా కాదంటూ అదే ఏడాది చనిపోయాడు. చూడవచ్చిన బిషప్పు వెర్జేరియో ఆ దృశ్యంతో కదిలిపోయి, మరుసటి ఏడు తానే ప్రొటెస్టంట్ల వైపు వెళ్లిపోయాడు. స్పియెరా కథ ఐరోపా అంతా హెచ్చరికగా అచ్చయింది.

అలా అచ్చయిన పుస్తకం ఇంగ్లండ్‌లోని బెడ్‌ఫర్డ్‌లో పాత్రలకు మాట్లు వేసుకునే యువకుడు జాన్ బన్యన్ చేతికి వచ్చింది. క్రీస్తును అమ్మెయ్ అన్న ఆలోచన అప్పటికే అతన్ని రాత్రింబవళ్లు వేధించింది. చివరికి అలసిపోయి, పోతే పోనీ అనుకున్నాడు. అంతే, ఏశావులా జ్యేష్ఠత్వం అమ్ముకున్నానని హడలిపోయాడు. భయాన్ని ఒక వృద్ధ విశ్వాసికి చెప్పుకుంటే, ఆయన నాకూ అలాగే అనిపిస్తోందన్నాడు! 1666లో అచ్చయిన తన ఆత్మకథలో బన్యన్ దీన్ని దాచలేదు. ఈ భయానికి ముందే గలతీ పత్రికకు లూథర్ రాసిన వ్యాఖ్యానం అతనికి ఊపిరి పోసింది. ఇప్పుడు హెబ్రీ పత్రికలోని ఆ భయంకర వచనాలను దగ్గరగా పరీక్షించి, అవి తెలిసి తెలిసి క్రీస్తును పూర్తిగా తిరస్కరించినవారి గురించేనని తేల్చుకున్నాడు.

కవి విలియం కూపర్‌కు ఆ ఊరట దొరకలేదు. 1763లో మనోవ్యాధితో వైద్యుడి దగ్గర చేరి కోలుకున్నాడు, జాన్ న్యూటన్‌తో కలిసి కీర్తనలు రాశాడు. 1773లో ఒక కలలో తన కథ ముగిసిపోయిందన్న మాట విన్నాక, దేవుడు తనను విడిచాడనే నమ్మకం 1800లో చనిపోయేదాకా వీడలేదు. ఆయన కీర్తనలు మాత్రం మిగతావాళ్లు పాడుకుంటూనే ఉన్నారు.

పద్దెనిమిదో శతాబ్దంలో జాన్ వెస్లీ సంగతిని మళ్లీ మార్కు సువార్తకే తెచ్చాడు: క్రీస్తు చేసిన అద్భుతాలను సాతానువి అనడమే ఆ పాపం, ఇంకేమీ కాదు. 1992 నాటి కతోలిక సత్యోపదేశం అగస్టీన్ దారిలో, కరుణకు హద్దు లేదనీ, దాన్ని కావాలని తోసిపుచ్చినవారే దూరమవుతారనీ చెప్పింది. ఈ రెండు వివరణల్లో దేన్ని తీసుకున్నా, ఆ పాపం చేశానేమోనని వణుకుతూ వచ్చినవాడికి అది వర్తించదు. మన తెలుగు సంఘాల్లోనూ ప్రార్థన ముగిశాక కాపరిని పక్కకు పిలిచి ఈ ప్రశ్న అడిగేవారున్నారు. వద్దన్నా తిరిగి తిరిగి వచ్చే దూషణ ఆలోచనలను వైద్యులు ఇప్పుడు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్‌లో ఒక రకంగా గుర్తిస్తున్నారు, దానికి చికిత్స ఉంది. అందుకే అలా అడిగిన మనిషికి వాక్యం చూపించడంతో పాటు నిద్ర పడుతోందా, తిండి తింటున్నారా అని కూడా కాపరి అడగాలి, అవసరమైతే డాక్టరు దగ్గరికి తోడు వెళ్లాలి.