ఏసీ ఒకటే, బిల్లులే వేరు: ఇంటి చల్లదనం ఖర్చును తేల్చేది మన అలవాట్లే

ఒకే అపార్ట్‌మెంట్, ఒకే సైజు ఫ్లాట్లు, ఒకే బిల్డర్ పెట్టిన గోడలు, కిటికీలు. ఏసీ కూడా ఒకే కంపెనీది. అయినా మే నెల కరెంటు బిల్లు వచ్చేసరికి ఒక ఇంటికీ పక్కింటికీ పొంతనే ఉండదు. ఏసీలో లోపమేమోనని మెకానిక్‌ని పిలుస్తారు, మీటర్ మీద అనుమానపడతారు. చాలాసార్లు తేడా మెషీన్‌లో ఉండదు. రిమోట్ ఎవరి చేతిలో ఉంది, కిటికీ ఎప్పుడు తెరుస్తున్నారు, ఫ్యాన్ వేస్తున్నారా లేదా, గదిలో ఎవరూ లేనప్పుడు ఏసీ ఆపుతున్నారా అన్న దగ్గరే ఉంటుంది.

ఈ సంగతి కొత్తదేం కాదు. 1970లలో అమెరికాలోని న్యూజెర్సీలో, ట్విన్ రివర్స్ అనే కాలనీలో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి చెందిన రాబర్ట్ సోకొలో బృందం ఒకే తీరులో కట్టిన వరుస ఇళ్లను ఏళ్ల తరబడి గమనించింది. చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంచడానికి ఒక ఇంట్లో కాల్చిన గ్యాస్‌కు రెట్టింపు గ్యాస్ మరో ఇంట్లో ఖర్చయిన సందర్భాలు కనిపించాయి. కుటుంబం ఖాళీ చేసి ఇంకొకరు దిగితే అదే ఇంటి వాడకం కూడా మారిపోయింది. ఇప్పుడు న్యూజెర్సీలో స్థిరపడ్డ మన తెలుగువాళ్లకూ ఈ లెక్క వర్తిస్తుంది. రోజుకు 8 గంటల పాటు, అంటే నిద్రపోయేటప్పుడో ఆఫీసుకు వెళ్లినప్పుడో, థర్మోస్టాట్‌ను 4 నుంచి 5 డిగ్రీల సెల్సియస్ మేర సర్దుకుంటే ఏడాదికి 10 శాతం వరకు మిగులుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది.

హైదరాబాదీలకు ఎంత వేడి వేడి?

మన దగ్గర సమస్య చలి కాదు, ఎండ. హైదరాబాద్ ఇళ్ల మీద ఈ విషయంలో చెప్పుకోదగ్గ పరిశోధన మాధవి ఇంద్రగంటిది. 2008 ఎండాకాలం, వానాకాలాల్లో ఆమె నగరంలోని 5 అపార్ట్‌మెంట్ భవనాల్లో, 45 ఫ్లాట్లలో వంద మందికి పైగా జనాన్ని పదేపదే అడిగి, గదుల్లో ఉష్ణోగ్రత కొలిచి లెక్కలు తీశారు. వేడిగానూ లేదు, చల్లగానూ లేదు అని జనం అనుకున్న ఉష్ణోగ్రత సుమారు 29.2 డిగ్రీలని తేలింది. హాయిగా గడపగలిగే పరిధి 26 నుంచి 32.5 డిగ్రీల దాకా ఉంది. అప్పటి భవన నిర్మాణ ప్రమాణాలు మాత్రం 23 నుంచి 26 డిగ్రీలే సుఖమని రాసుకున్నాయి.

29 డిగ్రీలంటే చాలామంది నమ్మరు. అయితే అది కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, బిగుతు బట్టలు వేసుకుని కూర్చున్న 29 కాదు. పలుచని నూలు బట్టలు, తలమీద తిరిగే ఫ్యాన్, చల్లని నేల మీద చాప, కుండ నీళ్లు, మధ్యాహ్నం ఒక స్నానం, ఇవన్నీ కలిస్తే వచ్చే 29. శరీరం ఒక్కటే అలవాటు పడదు, మనిషి తన చుట్టూ ఉన్నవాటిని కూడా సర్దుకుంటాడు. ఇరవై నాలుగు గంటలూ 20 డిగ్రీల గదిలో ఉండేవాళ్లకు ఈ సర్దుబాటు పోతుంది. బయట అడుగుపెడితే చాలు, ఎండ రెట్టింపు అనిపిస్తుంది.

ఈ పరిశోధనలో బయటపడ్డ ఇంకో విషయం కిటికీల గురించి. చల్లగాలి వచ్చే వేళ కిటికీ తెరవాలని ఎవరికీ తెలియక కాదు. దోమలు, రోడ్డు మీద హారన్ల మోత, దుమ్ము, దొంగల భయం, ఎదురు ఫ్లాట్ నుంచి చూపులు, ఇవి అడ్డం. పరదా పాటించే ఇళ్లలో ఈ చివరి ఇబ్బంది ఇంకా పెద్దది. రెండు భవనాల మధ్య నాలుగడుగులు కూడా వదలని గల్లీల్లో కిటికీ తెరవమని సలహా ఇవ్వడం తేలిక. పాతబస్తీ పాత ఇళ్లలో దీనికి జవాబు ఉండేది. లోపల సహన్, గోడ పైభాగంలో రోషన్‌దాన్. వేడిగాలి పైనుంచి పోయేది, లోపలివాళ్లు బయటివాళ్లకు కనిపించేవాళ్లు కాదు. కొత్త అపార్ట్‌మెంట్లలో వెంటిలేటర్ అన్నదే పోయింది. దోమతెర బిగించిన కిటికీ, చూపు ఆగి గాలి ఆడే జాలీ ఉన్న ఇంట్లో రాత్రి పది తర్వాత ఏసీ అవసరం చాలా తగ్గుతుంది. ఈ ఖర్చు ఒక్కసారే.

16 పెడితే త్వరగా చల్లబడుతుందా?

బయటి నుంచి చెమటతో వచ్చి రిమోట్‌ను 16కు దించేవాళ్లు చాలామంది. మామూలు ఏసీలో కంప్రెసర్ నడిస్తే పూర్తి బలంతోనే నడుస్తుంది, లేదంటే ఆగుతుంది. 16 పెట్టినా 24 పెట్టినా గది చల్లబడే వేగం ఒకటే. తేడా ఎక్కడంటే, 24 పెడితే అక్కడికి చేరగానే కంప్రెసర్ ఆగుతుంది. 16 పెడితే చాలా ఇళ్లలో అది ఆగనే ఆగదు, ఎందుకంటే ఎండాకాలంలో మామూలు గది 16కు దిగదు. ఇన్వర్టర్ ఏసీ వేగం తగ్గించుకుంటూ నడుస్తుంది కాబట్టి పొదుపు, కానీ 16 పెట్టి దానికి వేగం తగ్గించుకునే అవకాశమే ఇవ్వకపోతే ఎక్కువ డబ్బు పెట్టి ఇన్వర్టర్ కొన్నది దండగ.

సెట్టింగ్ ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. అంటే 20 నుంచి 24కు వస్తే దాదాపు పావు వంతు. 2018లో 24 డిగ్రీలను సూచనగా చెప్పిన ప్రభుత్వం, 2020 జనవరి 1 నుంచి స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గరే మొదలవ్వాలని నిబంధన పెట్టింది. కిందకు దించుకోవడం వాడేవాళ్ల ఇష్టం. చాలామంది దించుతారు కూడా. 2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ మంత్రి మనోహర్ లాల్ ఏసీలు 20 కంటే దిగకుండా, 28 కంటే ఎక్కకుండా చేస్తామని ప్రకటించినప్పుడు జోకులు బాగానే పేలాయి.

24 కూడా ఎక్కువ చల్లదనమే, పక్కన ఫ్యాన్ తిరుగుతుంటే. గాలి కదిలితే చెమట ఆరుతుంది, ఒంటికి రెండు మూడు డిగ్రీలు తగ్గినట్టే ఉంటుంది. కాబట్టి ఏసీ 26 లేదా 27, మీద ఫ్యాన్ మెల్లగా. ఏసీ వేసినప్పుడు ఫ్యాన్ ఆపాలన్నది మన ఇళ్లలో పాతుకుపోయిన పొరపాటు. పాత రకం సీలింగ్ ఫ్యాన్ 75 వాట్ల దాకా తీసుకుంటుంది, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల చుట్టుపక్కల. కంప్రెసర్ నడిచేటప్పుడు ఒకటిన్నర టన్నుల పాత ఏసీ సుమారు 1,500 వాట్లు. ఏసీ గంట నడిచిన కరెంటుతో మామూలు ఫ్యాన్ 20 గంటలు తిరుగుతుంది.

కూలర్ వాడే ఇళ్లలో పొరపాటు సరిగ్గా దీనికి ఉల్టా. ఏసీ లాగా తలుపులు, కిటికీలన్నీ బిగించి కూలర్ వేస్తారు. కూలర్ నీటిని ఆవిరి చేసి చల్లబరుస్తుంది. ఆ తేమ బయటకు పోయే దారి లేకపోతే అరగంటలో గది జిగటగా తయారవుతుంది. కూలర్ వెనక బయటి గాలి, ఎదురుగా తెరిచిన కిటికీ, ఈ రెండూ ఉండాల్సిందే. ఏప్రిల్, మే పొడి ఎండలో వట్టివేరు లేదా గడ్డి ప్యాడ్‌ల కూలర్ అద్భుతంగా పనిచేస్తుంది. జూన్‌లో వానలు మొదలై గాలిలో తేమ పెరిగితే దాని పని అయిపోయినట్టే, అప్పుడు పంపు ఆపి ఉత్త ఫ్యాన్‌లా వాడటం మేలు.

200వ యూనిట్ దగ్గర

తెలంగాణలో ఈ అలవాట్ల విలువ మీటర్ 200 దగ్గరికి వచ్చినప్పుడు తెలుస్తుంది. గృహజ్యోతి కింద అర్హులైన రేషన్ కార్డు కుటుంబాలకు 2024 మార్చి నుంచి నెలకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు. దాటితే దాటినంతకే కాదు, ఆ నెల మొత్తం కట్టాలి. పథకం లేనివాళ్లకు కూడా 200 గీత బరువే. 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన టారిఫ్ ప్రకారం 200 యూనిట్లు వాడితే ఎనర్జీ చార్జీ 820 రూపాయలు. 201 అయితే మొదటి యూనిట్ నుంచే స్లాబ్ మారి, 1,020 మీద ఇంకో 7 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్‌కు 200కు పైగా తేడా. రాత్రి పడుకునేముందు టైమర్ పెట్టి తెల్లవారుజామున నాలుగింటికి ఏసీ ఆగేలా చూసుకున్న ఇల్లు, నెలలో గీత ఇవతలే ఉండిపోవచ్చు. నెల మధ్యలో ఒకసారి మీటర్ చూసుకోవడం అందుకే ముఖ్యం.

ఆఫీసుల్లో రిమోట్ వాడేవాళ్ల చేతిలో ఉండదు. మాదాపూర్ ఎండలో నడిచొచ్చి లోపల స్వెటర్ తొడుక్కునే ఉద్యోగినులు తక్కువేం కాదు. దీనికి కారణం కొంతవరకు లెక్కలోనే ఉంది. 2015లో నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో కింగ్మా, లిఖ్టెన్‌బెల్ట్ అనే డచ్ పరిశోధకులు చూపించినట్టు, ఆఫీసు ఉష్ణోగ్రత ప్రమాణాలు 1960లలో ఒక సగటు మగవాడి శరీరాన్ని బట్టి కట్టినవి. ఆడవాళ్ల శరీరం పుట్టించే వేడి అంతకంటే తక్కువ. జపాన్ 2005లో కూల్ బిజ్ అని మొదలుపెట్టి, ఎండాకాలం ఆఫీసుల్లో ఏసీ 28 దగ్గర ఉంచి, టై, కోటు అక్కర్లేదంది. అక్కడ ముందు మార్చింది బట్టలు, తర్వాతే బటన్.

అలవాట్లతో కానిది కూడా ఉంది. పై అంతస్తు ఫ్లాట్‌లో, రేకుల ఇంట్లో కప్పు పగలంతా కాగి రాత్రంతా వేడి వదులుతుంది. అక్కడ ఎంత జాగ్రత్తగా వాడినా ఏసీగానీ కూలర్‌గానీ ఊపిరి తీసుకోదు. కప్పుకు తెల్ల సున్నం లేదా కూల్ పెయింట్ వేస్తే ఎండ చాలావరకు వెనక్కి పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలు, ఆపై స్థలంలో కట్టే ఇళ్లకు దీన్ని తప్పనిసరి చేసింది. అంతకంటే చిన్నవాటికి ఇష్టం ఉంటేనే. చిన్న ఇళ్లలో ఉండేది ఎక్కువగా కిరాయిదారులు. సున్నం వేయించాల్సింది మకాన్‌దార్, బిల్లు కట్టేది కిరాయిదారు. కాబట్టి ఆ డబ్బా సున్నం ఎవరూ తేరు. కిరాయి మాట్లాడుకునేటప్పుడే, అడ్వాన్స్ ఇవ్వకముందే, కప్పు సంగతి కూడా తేల్చుకునే కుటుంబాలు అక్కడక్కడా ఉన్నాయి.