సంగారెడ్డి రాళ్ళు చెప్పు చరిత్ర

నల్లరాయి నీటిలో పేరుకొన్నదా, నిప్పులో పుట్టినదా యని ఐరోపా పండితులు చిరకాలము వాదులాడిరి. 1818లో లాంబ్టను దొర భూమాపక బృందమున వైద్యుడుగను శిలాశాస్త్రజ్ఞుడుగను చేరి, హైదరాబాదు ప్రాంతమును పరిశీలించి, 1824లో కన్నుమూసిన వాయిసీ నిప్పు పక్షమునే వహించెను.

నేడు మనమును పరీక్షింపవచ్చును. సంగారెడ్డి గ్రానైటు పెంకును పగులగొట్టి చూచినచో గులాబివన్నె ఫెల్‌స్పారు, మెఱయు అభ్రకము, చాకుతో గీచినను గీతపడని పలుగురాయి వేఱువేఱుగ కన్పట్టును. (మా చాకే మొద్దువాఱినది!) సుమారు 250 కోట్ల యేండ్లకు పూర్వము భూగర్భమున మెల్లగా చల్లారుటచే పలుకులు పెరిగినవి. జహీరాబాదు వైపు నల్లరాతిలో పలుకులు కంటికానవు, 6.6 కోట్ల యేండ్లనాడు పైకుబికిన లావా త్వరగా గట్టిపడినది.

గ్రానైటు శిథిలమై ఎఱ్ఱనేల యైనది. నల్లరాయి రేగడి యైనది. 1972లో స్థాపితమైన ఇక్రిశాట్, పటాన్‌చెరులో ఈ రెండు నేలలమీదను పైరులు పరీక్షించుచున్నది.