కదలని బొమ్మల కదలిక

తెలుగు చలనచిత్రమునకు పితామహుడని పేరొందిన రఘుపతి వెంకయ్యనాయుడుగారు 1869లో బందరున జన్మించిరి. మదరాసులో ఫోటో స్టూడియో నడపుచు, 1910 ప్రాంతమున క్రోనోమెగాఫోను అను యంత్రమును తెప్పించి, విక్టోరియా పబ్లిక్ హాలులో బొమ్మలు చూపిరి. పిమ్మట గుడారముతో బర్మా, సింహళముల వరకు తిరిగిరి. 1921లో వారి కుమారుడు ప్రకాశ్ ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీసిరి. ఇంతవరకు చాలమంది ఎరిగినదే. ఆ తెరమీద నిజముగా కదలినదేమి అని అడుగువారే అరుదు.

ఏదియు కదలలేదు. ఫిల్ముచుట్టలో నున్నవన్నియు నిశ్చలచిత్రములు. టాకీలలో సెకనుకు 24 చొప్పున అవి తెరపై పడుచుండును. నడుమ నడుమ చీకటి. బొమ్మ కంటిలో క్షణకాలము నిలిచియుండుటయే కారణమని పాఠ్యపుస్తకములు చాలకాలము చెప్పినవి. అది మాకు చాలదనిపించును. నిలిచియున్నచో బొమ్మలు ఒకదానిపై నొకటి పడి అలుకుకొనిపోవలెను గాని, కదలిక పుట్టనేల? వెంకయ్యగారి ప్రదర్శనల నాళ్లలోనే జర్మనీలో మాక్స్ వెర్టైమర్ రెండు గీతలను వెంటవెంట చూపి పరిశీలించెను. వ్యవధి తగినంత స్వల్పమైనచో, ఒకే గీత ఇటునుండి అటు జరిగినట్లు చూపరులకు తోచెను. ఈ సంగతిని ఆయన 1912లో ప్రకటించెను. కదలికను కల్పించునది మెదడన్నమాట.

మరి ఆ పని చేయు భాగము చెడినచో? మొదట దీనికి విపర్యయమే తెలియవచ్చినది. మొదటి ప్రపంచయుద్ధమున తల వెనుకభాగమున గాయపడిన సైనికులను పరీక్షించిన జార్జి రిడాక్ అను వైద్యుడు, కొందరికి చూపు పోయినచోట ఆకారము తెలియకున్నను కదలిక మాత్రము తెలియుచున్నదని 1917లో వ్రాసెను.

1983లో జోసెఫ్ జీల్, ఆయన సహచరులు ప్రకటించిన మ్యూనిక్ స్త్రీ వృత్తాంతము మరింత విచిత్రము. మెదడు వెనుకభాగమున ఇరువైపుల దెబ్బతిన్న ఆమెకు రంగులు, రూపములు చక్కగా తెలియును; కదలిక చాలవరకు తెలియదు. కప్పులో పోయుచున్న టీ గడ్డకట్టినట్లుండును. కప్పు నిండుట కానరాక పొర్లిపోవును. ఎదుటివారి పెదవుల కదలిక తెలియక సంభాషణ కష్టమగును. అట్టివారికి పులిగడ్డ వద్ద కృష్ణ నిలిచిన నీరే.

అప్పటికే, 1970 దశకమున, సెమీర్ జకీ కోతుల మెదడులో కదలికకు ప్రత్యేకమైన తావు గుర్తించియుండెను. మనుష్యులలోను అట్టిది కలదని తరువాత తేలినది. తలకు దెబ్బ తగిలినవారో, పక్షవాతము సోకినవారో బండ్లు గెంతుచు వచ్చుచున్నవనినచో, అది కంటి దోషమే కానక్కరలేదు. కళ్లజోడు మార్చి ఊరకుండక, ఆ మాట వైద్యునికి తప్పక చెప్పవలెను. గుడివాడ వంటి రద్దీ ఊరిలో వీధి దాటుట వారికి ప్రాణసంకటము. దూరముననున్న కారు మరుక్షణమున మీదనే యుండును. మ్యూనిక్ స్త్రీ దీనికొక ఉపాయము కనుగొనెను. బండి చప్పుడు హెచ్చుచుండుటను విని, అది యెంత దగ్గరకు వచ్చినదో చెవులతోనే అంచనా వేయ నేర్చెను.