చికిత్సకు ఇజ్న్: వలీ ఎవరు?

చికిత్సకు ముందు రోగి అనుమతి (ఇజ్న్) తీసుకొనడం పాశ్చాత్యులు నేర్పిన పద్ధతి అని మనలో కొందరి అభిప్రాయం. హదీసు, ఫిఖహ్ గ్రంథాలు చూచినవారి ముందు ఈ మాట నిలువదు.

హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన ఉదంతమొకటి సహీహ్ బుఖారీలో ఉన్నది. దైవప్రవక్త (స) వ్యాధిగ్రస్తులై ఉండగా, వద్దని సైగ చేసినా, దగ్గరున్నవారు నోటి ప్రక్కనుండి మందు పోశారు. రోగికి మందంటే సహజంగా ఉండే అయిష్టమే అనుకున్నారు. తేరుకున్న పిదప ఆయన వారిని మందలించి, ఆ సమయంలో అక్కడ లేని అబ్బాస్ (రజి) తప్ప అందరికీ అదే మందు పోయించారు. రోగి కాదన్నదానిని రోగంలో భాగంగా లెక్కకట్టే అలవాటు ఎంత పాతదో!

1223లో మరణించిన ఇబ్న్ ఖుదామా 'అల్ ముగ్నీ'లో మరింత స్పష్టంగా తీర్పు చెప్పారు. అనుమతి లేకుండా ఒకరి కంతిని కోసినా, వలీ అనుమతి లేకుండా బాలునికి సున్తీ చేసినా, హాని కలిగితే పరిహారం కోసినవానిదే. మేలు తలచినవానిపై ఈ భారం ఉండకపోవచ్చునని తరువాతి శతాబ్దంలో ఇబ్నుల్ ఖయ్యిమ్ సందేహం లేవనెత్తారు. తేలికగా తోసివేయదగినది కాదు. తుర్కీ ఉస్మానీల కాలంలో మూత్రాశయపు రాయి తీయించుకొనే రోగులు ఖాజీ ఎదుట ఒప్పుదల వ్రాయించేవారు. ప్రాణం పోతే దావా ఉండదని అందులో షరతు. ఆ కాగితం కాపాడింది రోగికంటె వైద్యునే.

'వలీ' అనే మాట బరువు మన సమీపంలోనే తెలిసివచ్చింది. 2009 జూలైలో, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, 10–14 ఏండ్ల బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార కేన్సర్‌ను నివారించే హెచ్.పి.వి. టీకా వేయ మొదలుపెట్టారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. బాలికలలో అనేకులు హాస్టళ్లలో చదివే గిరిజన పిల్లలు. 2010 ఏప్రిల్‌లో దానిని నిలిపివేశారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘం సమర్పించిన నివేదిక ప్రకారం 9,543 అంగీకార పత్రాలలో 1,948 వేలిముద్రలవి. 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలవి. టీకా మంచిదే, మరణాలకు దానితో సంబంధం తేలలేదు. కాని తల్లిదండ్రులు ఊళ్లో బ్రతికి ఉండగా వార్డెన్ ఏ విధంగా వలీ అవుతాడు?

యుక్తవయస్కుల విషయంలో వలీ ప్రసక్తే లేదు. మత్తులో ఉన్న కుమార్తెకు గర్భసంచి తీయడానికి తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని సుప్రీంకోర్టు 2008 జనవరి 16న తీర్పు చెప్పింది. మన చాంద్రాయణగుట్టలో మాత్రం భార్య తెలివితో కూర్చుని ఉన్నా కాగితం భర్త చేతికో, అన్న చేతికో పోతుంది. అదీ తరచు ఇంగ్లీషులో. దీనిని షరీఅత్ మర్యాద అని సమర్థించేవారున్నారు. జిద్దాలోని ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 1992 తీర్మానమైతే, రోగికి సంపూర్ణ అర్హత ఉన్నప్పుడు రోగి అనుమతినే షరతు చేసింది. స్పృహలేక ప్రాణాపాయంలో ఉన్నవానికి మాత్రం ఎవరి అనుమతి కోసమూ ఆగనక్కరలేదన్నది.