ఏ జర్నల్ పెద్దది? సబ్జెక్టును బట్టే చెప్పాలి

మన పిల్లలు పీహెచ్‌డీల్లో చేరుతున్నకొద్దీ "పేపర్ ఎందులో వచ్చింది?" అన్న ప్రశ్న ఇళ్లలో మామూలైపోయింది. 'నేచర్' అంటే అందరికీ తెలుసు. ఇంకే పేరు చెప్పినా అనుమానమే. బీఎస్సీ చదివి ఇల్లు చూసుకుంటున్న నన్నూ తెలిసినవాళ్లు అడుగుతుంటారు, అది పెద్ద జర్నలేనా అని. సబ్జెక్టు చెప్పకుండా దీనికి జవాబు లేదు.

చాలామంది చూసేది ఇంపాక్ట్ ఫ్యాక్టర్. ఒక జర్నల్ గత రెండేళ్లలో వేసిన వ్యాసాలను ఈ ఏడాది ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారో లెక్కేసి, ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తారు. వైద్యంలో పరిశోధకులు ఎక్కువ, ఉదహరింపులూ వెంటనే వస్తాయి. అందుకే 'లాన్సెట్' అంకె 60 పైనే ఉంటుంది. గణితంలో ఒక్క రుజువును సరిచూడటానికే ఏళ్లు పట్టవచ్చు. అందుకే 1884లో మొదలైన 'ఆనల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్' అంకె 10 లోపే. అయినా గణితంలో అది అగ్రశ్రేణి జర్నల్.

ఎకనామిక్స్‌లో 'అమెరికన్ ఎకనామిక్ రివ్యూ', 'ఎకనోమెట్రికా' సహా 5 జర్నళ్లకే పెద్దపీట. కంప్యూటర్ సైన్స్‌లో చాలా విభాగాల్లో జర్నల్ కన్నా కాన్ఫరెన్స్‌కే విలువ. నేటి చాట్‌బాట్‌లకు పునాది వేసిన ట్రాన్స్‌ఫార్మర్ పేపర్ 2017లో కాన్ఫరెన్స్‌లోనే వచ్చింది. చరిత్ర, సాహిత్యాల్లో మంచి యూనివర్సిటీ ప్రెస్ వేసిన పుస్తకానిదే పైచేయి.

జర్నల్ పేరే అంతా కాదనడానికి మన సి.ఆర్. రావు గారే ఉదాహరణ. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివిన ఆయన 1945లో రాసిన ప్రసిద్ధ వ్యాసం 'బులెటిన్ ఆఫ్ ది కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ'లో వచ్చింది. ఆ కృషికే 2023లో, 102 ఏళ్ల వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వరించింది.

ఉద్యోగానికైనా, గ్రీన్‌కార్డు దరఖాస్తుకైనా పేపర్లు చూపించాల్సి వస్తే, మీ అంకెను అదే సబ్జెక్టులోని అంకెలతోనే పోల్చి చూపండి. డబ్బు కడితే వారంలో వేస్తామనే జర్నళ్ల జోలికి పోకండి. పేరున్న ఓపెన్ యాక్సెస్ జర్నళ్లూ ఫీజు తీసుకుంటాయి కానీ, నిపుణుల పరిశీలన తర్వాతే వేస్తాయి. అనుమానముంటే ప్రొఫెసర్‌ను, యూనివర్సిటీ లైబ్రేరియన్‌ను అడగండి.

గణితం చేసే అమ్మాయికి నాలుగేళ్లలో ఒక్క పేపర్ రావచ్చు, బయాలజీ ల్యాబ్‌లో పదిమందితో కలిసి పనిచేసే అబ్బాయికి నాలుగు రావచ్చు. ఆ లెక్కతో ఇద్దరినీ పోల్చి, అమ్మాయి మనసు కష్టపెట్టకండి.