కట్టుబడి మాన్యం కథ

సీమలో 'కట్టుబడి' అనే మాట శిస్తు లెక్కల్లోంచి వచ్చింది. ఊరికి కావలి కాసి, పాలెగాడు కబురు పెడితే కత్తి పట్టుకుని వచ్చేవాడికి కొంత భూమి ఇచ్చి, దానిమీద నామమాత్రపు శిస్తు ఖరారు చేసేవారు. ఆ శిస్తు కట్టుబడి, ఆ భూమి కట్టుబడి మాన్యం. పోనుపోను ఆ మనిషే కట్టుబడి అయ్యాడు. వీళ్లలో బోయలు ఎక్కువ.

1800లో నిజాం ఈ సీమను కంపెనీకి దత్తం చేశాడు. కలెక్టరుగా వచ్చిన మన్రో పాలెగాళ్ల కోటలు పడగొట్టించి, చేతిలో నెలభరణం పెట్టాడు. దానిపేరు తవర్జీ. కట్టుబడులను మాత్రం ఊరికాపలాకని ఉండనిచ్చారు. తర్వాతి దొరలకు ఆ మాన్యాలు దండగ ఖర్చుగా కనిపించాయి. మాన్యందారు చనిపోతే భూమి సర్కారుదే అన్నారు. అంటే తండ్రి పాడె లేచిననాడే కొడుకు కూడూ పోయినట్టే.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డిదీ అదే గోడు. ఆయన వంతు తవర్జీ నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. నొస్సం పాలెగాడైన తాత జయరామిరెడ్డి పోయాక ఆ ఇంటి భరణంలో మనవడికి హక్కు లేదన్నారు. భరణం పోయిన రెడ్డి, మాన్యం పోతున్న కట్టుబడులు ఒక్కటయ్యారు. వడ్డె ఓబన్న కుడిభుజంగా నిలిచాడు.

1846 జులైలో ఆ దండు అప్పట్లో కడప జిల్లాలో ఉన్న కోయిలకుంట్ల ఖజానా మీద పడింది. భరణం ఆగింది అక్కడే, మాన్యాల లెక్క ఉన్నదీ అక్కడే. కడప, కర్నూలు పట్టణాలు మాత్రం దండుకు దక్కలేదు. కంపెనీ సిపాయిలు వెంటపడేసరికి దారి గిద్దలూరు మీదుగా నల్లమలకు తిరిగింది. రెడ్డి తలకు వెల కట్టారు. అక్టోబరులో పేరుసోమల కొండల్లో ఆయన దొరికాడు. దాదాపు 900 మంది మీద కేసులు పెట్టారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ను ఉరితీసి, తలను కోటగుమ్మానికి వేలాడదీశారు. 1877 దాకా అది అక్కడే ఉందంటారు.

దండు కర్నూలు చేరలేదు. ఇవాళ ఓర్వకల్లులో దిగి కర్నూలుకు పోయే విమాన ప్రయాణికులకు మాత్రం మొదట ఎదురయ్యేది నరసింహారెడ్డి పేరే. 2021లో ఆ విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు.